డోలు చప్పుడులో మగవాడి దుఃఖం

పినపాక మండలం జానంపేట దగ్గర అడవిలో రాక్షసగుళ్లు ఉన్నాయి. పేరు అలా పడింది గానీ అవి సమాధులు. ఇనుప యుగపు మనుషులు తమవాళ్ల కోసం నిలబెట్టుకున్నవి. పైన కప్పిన బండలు నలుగురైదుగురు కదిపేవి కావు, పదిమందీ పూనుకోవాల్సిందే. పోయినవాళ్ల కోసం కలిసి ఒళ్లు వంచడం ఈ నేల మీద అంత పాతది.

రాతలో దొరికే సాక్ష్యం చాలా ఆలస్యంగా వచ్చింది. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో ఇక్కడి కోయ ఆదివాసుల ఆచారాలను రాసిపెట్టాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ వాటిని కులాలు, తెగల గురించిన తన సంపుటాల్లో చేర్చాడు. ఆవునో ఎద్దునో కోసి, దాని తోకను పోయినవారి చేతిలో పెట్టి, ఆ తర్వాత దహనం చేసేవారట. మూడు రోజులయ్యాక చుట్టాలు జొన్నలు పట్టుకుని మళ్లీ వచ్చేవారు, మళ్లీ విందు జరిగేది. బయటివాళ్లకు అందులో తిండే కనిపించి ఉంటుంది. చావింటివాళ్లను ఒంటరిగా వదలకపోవడమే ఆ ఆచారంలోని అసలు బలం.

డోలు సంగతి ఇంకా గొప్పది. కోయల ఇళ్లలో పెళ్లయినా చావయినా డోలు వాయించే డోలీలు వస్తారు, వంశగాథ పాడతారు. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య ఆ పరంపరలోని కళాకారుడే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. నోరు పెగలని తండ్రికీ అన్నకూ బదులుగా డోలు మాట్లాడుతుంది. పోయినవాడు తాతముత్తాతల వరసలో చేరాడని ఊరంతా వింటుంది.

గోదావరి ఒడ్డున దుఃఖానికి మరో దారి ఏర్పడింది. ఇక్కడి దేవుడే ఏడ్చినవాడు. పర్ణశాలలో సీత కనిపించక రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతూ తిరిగాడని, జటాయువు ఏటపాక దగ్గర నేలకూలాడని స్థానికుల నమ్మకం. కన్నతండ్రికి దగ్గరుండి చేయలేని దహనసంస్కారాన్ని రాముడు ఆ పక్షికి చేశాడు. 17వ శతాబ్దంలో నేలకొండపల్లి కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో తన కీర్తనల్లో అదే రాముణ్ణి నిలదీశాడు, నిష్ఠూరమాడాడు, మళ్లీ కాళ్లు పట్టుకున్నాడు. గంజిలో పడి చనిపోయిన ఆయన కొడుకు రాముడి దయతో బతికాడని ఒక కథ. అది చరిత్రో కాదో గానీ, బిడ్డను పోగొట్టుకున్న తండ్రులు భజన మందిరంలో పదిమంది మధ్య గొంతెత్తి ఏడవడానికి ఆ కీర్తనలు చోటిచ్చాయి.

తలకొరివి, గుండు, పిండాలు, నువ్వులూ నీళ్లూ... పెద్దకర్మ దాకా కొడుకు చేతికి పని ఉంటుంది. ఆ తర్వాతే కష్టం. 'మగాడివి, నువ్వే ఇలా అయితే ఎలా' అని ఇంటి బరువు నెత్తిన పెట్టి చుట్టాలు వెళ్లిపోతారు. చాలామందికి మిగిలేది సారా సీసానే. ఇంకో దుఃఖమూ ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఈ ప్రాంతంలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పోలవరం ముంపుకు ఊళ్లు వదిలినవాళ్లు పెద్దల సమాధులను వెంట తెచ్చుకోలేరు. ఆ దుఃఖానికి పరిహారం జాబితాలో గడి లేదు.

దేశంలో ఆత్మహత్య చేసుకుంటున్న ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లే. మానసిక ఆరోగ్య సహాయం కోసం 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఎరుకలో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్న మగవాడు ఉంటే పెద్దకర్మ అయిన నెలకు ఒకసారి వెళ్లి కూర్చోండి. ఆ నంబరు ఆయన ఫోన్‌లో పెట్టి రండి.