అభ్రంకష సౌధములును ఛాయాచిత్రములును

న్యూయార్కు నగరమునందలి మహోన్నత సౌధములను ఆంగ్లమున 'స్కైస్క్రేపర్లు' అందురు. తొలుత నీ మాట యోడలలో నెల్ల చాపలకును మీఁదుగాఁ గట్టెడి చిన్నచాపకు పేరు. మనవారు దీనికి 'ఆకాశహర్మ్య' మని క్రొత్త పదమును గూర్చికొనిరి గాని, మేఘము నొరయునది యను నర్థమున 'అభ్రంకష' శబ్దమును పాణినియే ఖచ్ప్రత్యయముతో సాధించి యుంచినాఁడు. ఉన్న పదమును విడిచి లేనిదానిని వెదకుట మనకుఁ బరిపాటి. అది యట్లుండనిండు.

ఈ సౌధములలో 1902లో ముగిసిన ఫ్లాటయర్న్ భవనము ఛాయాచిత్రకారుల మిక్కిలి యాకర్షించినది. డేనియల్ బర్న్‌హామ్ దీని శిల్పి. వీథులు కలియు కోణమున ముక్కోణాకృతిగా నిలిచిన యీ కట్టడమున బరువు మోయునది యుక్కు చట్రమే. గోడలు పైతొడుగు మాత్రమే. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ మంచు కురిసిన దినమున దీనిని చిత్రించి, 1903 అక్టోబరున తన 'కెమెరా వర్క్' పత్రికలోఁ బ్రకటించెను. అందు ముందు నిలిచినది చెట్టు. భవనము వెనుకఁ బలుచని నీడవలె నుండును. ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో సంధ్యాసమయమునఁ దీసిన చిత్రమునకు, ప్లాటినము ముద్రపై రంగు గలిపిన జిగురుపూఁత వేసి వర్ణచ్ఛాయలను దెచ్చెను.

ఇవి రసవంతములనుటకు సందేహము లేదు. ఛాయాచిత్రణము యంత్రకార్యమే కాని కళ కాదనువారికి వీరు చెప్పిన యుత్తరమిది. అయినను చరిత్రకారుఁడు వీనిని సాక్ష్యమునకుఁ బిలిచినచో నేమి చెప్పఁగలవు? కట్టడము ముగిసిన పిదపఁ దీసినవగుటచే నుక్కుదూలములను బిగించిన చేతు లిందుఁ గానరావు, చట్రమును గానరాదు.

ఆ లోపమును దీర్చినవాఁడు లూయిస్ హైన్. మిల్లులలోఁ బనిచేయు బాలుర దురవస్థను 1908 మొదలు చిత్రములతో లోకమునకుఁ జాటినవాఁ డితఁడే. 1930–31లో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనము లేచుచుండఁగా, ఏఁబదియైదేండ్లు దాటిన వయసునఁ గెమెరాతోఁ బనివాండ్రవెంట దూలముల నెక్కినాఁడు. (ఆ యీడుననే యున్న మాకు మేడమెట్లే కష్టము.) ఈ చిత్రములు కొన్ని 1932లో 'మెన్ ఎట్ వర్క్' అను గ్రంథముగా వెలువడినవి. కాని యివియు నిర్మాణకార్యమునకై నియోగింపఁబడి తీసినవే. ఇందు ధైర్యమే కాని ప్రమాదము లేదు. పనివాని ముఖము దొరకినది. పేరు మాత్రము సామాన్యముగా దొరకదు. సాక్ష్యమును దూఁచునప్పు డీ సంగతి మఱవరాదు.

బెరెనీస్ ఆబట్ మార్గము వేఱు. ఎంపైర్ స్టేట్ భవనమునుండి యామె తీసిన రాత్రిదృశ్యము ప్రసిద్ధము. కార్యాలయముల దీపములు వెలుఁగుచుండఁగనే చీఁకటి పడవలెను; ఉద్యోగు లయిదుగంటలకు దీపము లార్పి పోవుదురు. కావున మిక్కిలి చిన్నవగు శీతకాలపు దినములలో మాత్రమే యది సాధ్యము. అందును గటకమును పదునేను నిమిషములు తెఱచియుంచవలసెను. 1935 మొదలు నాలుగేండ్లు ప్రభుత్వసాహాయ్యముతో నామె యా నగరమంతయుఁ దిరిగి, అభ్రంకషముల నీడలోఁ గూలిపోనున్న చిన్న యంగళ్లను సైతము గుర్తుపెట్టి చిత్రించినది.