కుక్క కంట్లో కన్నీటి కరువు: ఒక సింహావలోకనం

కన్ను ఎండిపోయిన కుక్కను చూసి ఎవరూ కన్ను ఎండిందనుకోరు. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉంటాయి. పచ్చటి పుసి తుడుస్తుంటే తీగలా సాగుతుంది, గంట తిరక్కుండా మళ్లీ నిండుతుంది. అంత చిత్తడిగా ఉన్న కంట్లో నీళ్లే లేవంటే నమ్మడం కష్టమే. కన్నీటి పొరలో నూనె, నీరు, శ్లేష్మం మూడూ పాళ్లు కుదిరి ఉండాలి. నీరు తగ్గితే శ్లేష్మం చిక్కబడి ముద్దకడుతుంది, రెప్ప రాపిడికి ఇంకా ఎక్కువ ఊరుతుంది. అందుకే ఈ జబ్బు చరిత్రలో పెద్ద భాగం, దీన్ని మరేదో అనుకుని చేసిన వైద్యాల చరిత్ర. కండ్లకలక అని యాంటీబయాటిక్ చుక్కలు రాస్తారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, సీసా అయిపోగానే కథ మొదటికొస్తుంది. ఈలోగా నల్లగుడ్డు మీదికి రక్తనాళాలు పాకుతాయి, గోధుమరంగు పొర పరుచుకుంటుంది, చూపు మసకబారుతుంది.

కన్నీటిని కొలిచే దారి దొరికింది 1903లో. జర్మన్ నేత్రవైద్యుడు ఒట్టో షిర్మర్ ఆ ఏడాది అద్దుడు కాగితపు పట్టీతో చేసే పరీక్షను ప్రకటించాడు. అది మనుషుల కోసం, పట్టీ ఐదు నిమిషాలు ఉంచాలి. ఏ కుక్కా అంతసేపు కంట్లో కాగితం పెట్టుకుని కూర్చోదు గనక, 1960 దశకంలో పశువైద్యులు ఈ పరీక్షను అందుకున్నాక ఒక్క నిమిషానికి కుదించారు. అయిదు మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ పట్టీని నొక్కు దగ్గర మడిచి, కింది రెప్ప లోపలికి తగిలిస్తారు. ఒకరు మూతి పట్టుకోవాలి, ఒకరు గడియారం చూడాలి. పట్టీ పెట్టబోయే క్షణంలో కన్ను కడగకూడదు, ఏ చుక్కలూ వేయకూడదు. బాగున్న కంట్లో తడి గబగబా కిందికి జారి నిమిషంలో 15 మిల్లీమీటర్లు దాటుతుంది. పదిలోపు ఆగితే, పుసులు కూడా ఉంటే, జబ్బు ఉన్నట్టే. ఐదు లోపైతే ముదిరినట్టు. కొన్ని కుక్కల్లో కాగితం నొక్కు దగ్గరే పొడిగా నిలబడిపోతుంది, కన్నీరు కలికానికి కూడా ఉండదు. ఇంత చవకైన పరీక్ష ఉండగా, ఎర్రబడి పుసులు కట్టిన కంటికి పట్టీ పెట్టకుండానే చుక్కల చీటీ రాసేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

1933లో స్వీడన్ వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ తన సిద్ధాంత గ్రంథంలో కళ్లూ నోరూ ఎండిపోయి, కీళ్లు నొప్పులు పెట్టే స్త్రీల గురించి రాసి, ఈ కంటి జబ్బుకు కెరటోకంజంక్టివైటిస్ సికా అని పేరు పెట్టాడు. పరీక్షకులకు ఆ గ్రంథం పెద్దగా ఆనలేదు. కుక్కల డాక్టర్లు ఇప్పటికీ చీటీ మీద కె.సి.ఎస్. అని రాసేది ఆ పేరునే.

కుక్కల్లో ఆనాడు కళ్లెండటానికి పెద్ద కారణం డిస్టెంపర్. అది వైరస్ అని 1905లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ కారే చూపాడు. ఆ వైరస్ ఊపిరితిత్తుల్నీ నరాల్నీ పట్టడమే కాదు, కన్నీటి గ్రంథుల్నీ దెబ్బతీస్తుంది. ఇంగ్లండులో వేటకుక్కల యజమానులు చదివే ‘ది ఫీల్డ్’ పత్రిక 1920 దశకంలో చందాలు పోగుచేస్తే, ఆ డబ్బుతో లైడ్‌లా, డన్కిన్ అనే ఇద్దరు పరిశోధకులు టీకా పని నడిపారు. టీకాలు వాడుకలోకి వచ్చాక ఇళ్లలో పెరిగే కుక్కలకు ఈ ముప్పు చాలావరకు తప్పింది. టీకా ఎరగని మన వీధికుక్కల్లో మాత్రం జ్వరం తగ్గి బతికి బట్టకట్టిన పిల్ల పుసికళ్లతో తిరగడం ఇంకా కనిపిస్తూనే ఉంది.

కారణం ఏదైనా, చాలాకాలం డాక్టర్ల ఆలోచన ఒకే దారిన నడిచింది: లోపల ఊరనిది బయటినుంచి తెచ్చి పోయాలి. కృత్రిమ కన్నీటి చుక్కలు అలా వచ్చినవే. కానీ పోసిన చుక్క కాసేపట్లో జారిపోతుంది, గంటకోసారి కుక్కను పట్టుకుని కూర్చునే తీరిక ఏ ఇంట్లో ఉంటుంది? గ్రంథిని పొడిచి లేపే మందుగా పైలోకార్పిన్‌ను కూట్లో కలిపి పెట్టారు. చొంగ కారి, వాంతులో విరేచనాలో మొదలయ్యేదాకా ఒక్కో చుక్క పెంచుతూ పోయి, అక్కడ ఆగి కాస్త తగ్గించేవారు. ఇప్పుడది ఒక్క రకానికే మిగిలింది, నరం దెబ్బతిని కన్నీరు ఆగిపోయిన కుక్కలకు. వాటిని పోల్చడం సులువు, ఆ వైపు ముక్కుపుటం కూడా ఎండి పెచ్చుకడుతుంది.

ఈ దారిలో అందరికంటే దూరం వెళ్లినవాడు ఒడెస్సా నేత్రవైద్యుడు ఫిలాటోవ్. కన్నీరు లేకపోతే ఉమ్ము ఉందిగా అన్నాడు. చెవి కింది పెద్ద లాలాజల గ్రంథి నుంచి బుగ్గ లోపలికి ఒక నాళం వస్తుంది. అది నోట్లో తెరుచుకునే చోటును చుట్టూ ఉన్న పొరతో సహా కోసి, చర్మం కిందుగా దారి చేసి, కింది రెప్ప లోపల కుట్టేయడం ఆయన పద్ధతి. 1951లో మనుషుల విషయంలో అది వెలువడింది. 1966 నాటికి అమెరికాలో లవిన్యెట్ అనే పశువైద్యుడు కుక్కకు చేశాడు. కుక్కల ఉమ్ము మీద ప్రయోగాలు చేసిన పావ్‌లోవ్ దేశంలో పుట్టిన శస్త్రచికిత్స కుక్కలకే బాగా అచ్చిరావడం తమాషా. కత్తి పట్టే ముందు నాలుక మీద చేదు చుక్క ఒకటి వేసి ఉమ్ము ఊరుతోందో లేదో చూసుకునేవారు. ఆపరేషన్ కుదిరితే కన్ను నిగనిగలాడుతుంది. కానీ అన్నం గిన్నె చప్పుడు వినగానే కుక్క కళ్లు ధారలు కడతాయి, చెంప వెంట్రుకలు నాని చర్మం పాచిపోతుంది. ఉమ్ములోని సున్నం నల్లగుడ్డు మీద తెల్లటి గరుకు పొరగా పేరుకుంటుంది. అయినా గుడ్డితనం కంటే ఇది నయమని మూడు దశాబ్దాల పాటు ఎందరో ఈ కోతకు ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే వైద్యుల చేతుల మీదుగా ఈ జబ్బు పుట్టిన దారులు కూడా రెండు ఉన్నాయి, వాటిని దాటేసిపోవడం న్యాయం కాదు. ఒకటి సల్ఫా మందులు. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కో, పేగుల వాపుకో నెలల తరబడి ఇచ్చిన సల్ఫా మాత్రలు కొన్ని కుక్కల్లో కన్నీటి గ్రంథిని ఎండబెడతాయి. మాత్ర ఆపితే కొన్ని తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. రెండోది చెర్రీ ఐ. కుక్కకు లోపలి మూలలో మూడో రెప్ప ఒకటి ఉంటుంది, దాని మొదట్లో ఒక గ్రంథి. అది ఉబ్బి ఎర్రగా బయటికి తన్నుకొస్తే, కణితి అనుకునో, వికారంగా ఉందనో, కత్తెరతో తీసేసేవారు. ఐదు నిమిషాల పని, కుక్క అదే పూట ఇంటికి. కంటికి వచ్చే నీటిలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఆ గ్రంథి ఇస్తుందన్న సంగతి తేలేసరికి ఎన్నో కళ్లు ఏళ్ల తర్వాత ఎండిపోయాయి. దాన్ని తీయకుండా పొర కింద జేబులా చేసి లోపలికి తోసి కుట్టే మోర్గన్ పద్ధతి 1993లో అచ్చయింది. ఈనాడు కూడా ఎవరైనా ‘కోసేద్దాం, చిన్న పనే’ అంటే యజమాని అక్కడినుంచి లేచి మరో డాక్టరు దగ్గరికి వెళ్లడమే మంచిది.

అసలు మలుపు ఒక మట్టి ముద్దతో మొదలైంది. స్విట్జర్లండుకు చెందిన సాండోజ్ కంపెనీ ఉద్యోగులకు, సెలవులకు వెళ్లినచోటి నుంచి మట్టి నమూనాలు తెచ్చే అలవాటు ఉండేది. 1969లో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలోని ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ దొరికింది. అది రోగనిరోధక శక్తిని అణచగలదని 1972లో తేలింది, 1980 దశకంలో కిడ్నీ, గుండె మార్పిడులకు ప్రాణంపోసింది. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో పశు నేత్రవైద్యురాలు రెనీ కాస్వన్ అప్పటికి కుక్కల ఎండుకళ్ల మీద పనిచేస్తోంది. గ్రంథుల ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూస్తే అవి ఒంట్లోని తెల్లకణాలతోనే కిక్కిరిసి ఉన్నాయి. అంటే గ్రంథి దానంతటది చావడం లేదు, సొంత ఒళ్లే దాన్ని తినేస్తోంది. అలాంటప్పుడు దాడిని ఆపే మందును కంట్లోనే వేస్తే? నూనెలో కలిపిన సైక్లోస్పోరిన్ చుక్కలతో వారాల్లో కన్నీరు తిరిగి ఊరింది. ఆ మందు దాడిని ఆపడంతో ఊరుకోదు, ఊటను నేరుగా కూడా పెంచుతుంది. 1989లో ఆమె బృందం ఈ ఫలితాలను మనుషుల కంటి వైద్య పత్రికలోనే ప్రకటించింది. 1995లో అమెరికా ప్రభుత్వం కుక్కల కోసం 0.2 శాతం ఆయింట్‌మెంట్‌కు అనుమతిచ్చింది. మనుషుల చుక్కలు రెస్టాసిస్‌కు అనుమతి రావడానికి 2002 డిసెంబరు దాకా పట్టింది. మందులు కుక్క మీద పరీక్షించి మనిషికి ఇవ్వడం మామూలే. ఇక్కడ కుక్క ప్రయోగశాల జంతువు కాదు, అదే జబ్బుతో వచ్చిన రోగి. తన కన్ను బాగుపడ్డాకే మనిషికి దారి చూపింది.

ఆ తర్వాత డబ్బు వచ్చి చేరింది, డబ్బుతో పాటు విడ్డూరాలూ. రెస్టాసిస్ మీద తీసుకున్న తర్వాతి పేటెంట్లను కాపాడుకోవడానికి దాని తయారీదారు ఆలర్గాన్ కంపెనీ 2017 సెప్టెంబరులో వాటిని సెయింట్ రీజిస్ మోహాక్ అనే ఆదివాసీ తెగకు రాసిచ్చి, తిరిగి తానే లీజుకు తీసుకుంది. తెగకున్న సార్వభౌమ హక్కు చాటున పేటెంటు సమీక్షను తప్పించుకోవాలన్నది ఎత్తు. మరుసటి నెలలోనే టెక్సస్ కోర్టు ఆ పేటెంట్లు చెల్లవంది. ఒక అమెరికన్ కుక్క కంటి చుక్క అంత దూరం ప్రయాణించింది.

సైక్లోస్పోరిన్‌కు లొంగని కళ్ల కోసం టాక్రోలిమస్ వచ్చింది. ఇదీ మట్టిదే, జపాన్‌లోని ట్సుకుబా దగ్గర 1984లో దొరికింది. 2005 నుంచి కుక్కల్లో దీని ఫలితాలు అచ్చవుతున్నాయి. మన మెడికల్ షాపుల్లో రెండూ మనుషుల కోసం తయారైన రూపంలో దొరుకుతాయి. ఏ శాతం, ఎన్నిసార్లు అన్నది మాత్రం పశువైద్యుడు చెప్పాల్సిందే.

జాతుల సంగతి మరోటి. కాకర్ స్పానియల్, వెస్టీ, బుల్‌డాగ్, షిట్జు, లాసా, పగ్ ఈ జబ్బుకు చుట్టాలు. కావలియర్ జాతిలో పుట్టుకతోనే కళ్లెండి, చర్మం పొలుసుబారే ఒక రకానికి కారణమైన జన్యువును 2012లో బ్రిటన్ పరిశోధకులు పట్టుకున్నారు, పరీక్ష చేయించి జత కట్టించే వీలు ఇప్పుడుంది. మన దేశంలో 2003 నాటి హచ్ ఫోన్ ప్రకటన పగ్‌ను ఇంటింటి ముద్దుబిడ్డను చేసింది. బయటికి పొడుచుకొచ్చిన ఆ గుడ్లు నిద్రలో కూడా పూర్తిగా మూతపడవన్న సంగతి ప్రకటనలో ఎవరు చెబుతారు? మే నెల వడగాలికి, రాత్రంతా నేరుగా ముఖం మీదికి కొట్టే కూలర్ గాలికి ఆ కళ్లలో ఉన్న కాస్త తడి ఆవిరైపోతుంది.

మందు ఎంత గొప్పదైనా జబ్బు పోదు, అదుపులో ఉంటుంది. అంటే కుక్క బతికినన్నాళ్లూ పొద్దునా సాయంత్రం ఒకరు పూనుకోవాలి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదిని రెప్పల మీద కాసేపు ఆనించి, పుసి మెత్తబడ్డాక తుడవాలి. పుసి మీదే మందు రాస్తే అది కంటికి చేరదు. చుక్కలు ముందు, ఆయింట్‌మెంట్ తర్వాత, మధ్యలో ఐదు పది నిమిషాలు. ఫలితం కనబడటానికి నెలో రెండు నెలలో పడుతుంది, చాలామంది సరిగ్గా మూడో వారంలో విసుగెత్తి మానేస్తారు. ఇంకొందరు కన్ను తేటపడగానే నయమైందనుకుని ట్యూబు పక్కన పెడతారు, పుసి మళ్లీ కట్టేసరికి ఉలిక్కిపడతారు. పరీక్ష ఉందిగా అని ఆ పూట మందు మానేసి తీసుకెళ్లడమూ పొరపాటే, మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే వేసి వెళ్లాలి. ఇంట్లో మనుషుల కోసం కొన్న స్టెరాయిడ్ చుక్కలు మాత్రం ముట్టుకోకూడదు. ఎండిన కంట్లో కనిపించని పుండు ఉంటే ఆ చుక్కలు దాన్ని లోతుకు దించి గుడ్డుకు చిల్లు పెట్టగలవు. పచ్చరంగు వేసి పుండు లేదని చూసుకున్నాకే డాక్టర్లు వాటి జోలికి వెళ్తారు.

పట్టీ మీద రెండు మిల్లీమీటర్లయినా తడిసే కళ్లలో ఎక్కువ భాగం సైక్లోస్పోరిన్‌కు లొంగుతాయి. సున్నా దగ్గరున్నవాటిలో దాదాపు సగమే. మిగిలిన సగానికి ఫిలాటోవ్ కోతే ఇప్పటికీ ఆఖరి దారి, కాబట్టి డెబ్బై ఏళ్లు దాటినా అది పాఠ్యపుస్తకాల్లోంచి పోలేదు. మనుషుల్లోనూ ఆ ఆలోచన బతికే ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వైద్యులు మందుల వికటింపుతో కళ్లు పూర్తిగా ఎండిపోయినవారికి పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను తీసి కంటికి అతికిస్తున్నారు.