కొరియా భాషాధ్యయన సంవత్సరం: ఒక చారిత్రక పరిశీలన

విదేశీ విద్యార్థులు ఒక విద్యాసంవత్సరం పాటు దక్షిణ కొరియాలో నివసించి, అక్కడి భాషాసంస్కృతులను అభ్యసించడం నేడు సాధారణమైంది. దీనిని కొరియా సినిమాలు, సంగీతం తెచ్చిపెట్టిన ఆదరణ ఫలితంగా మాత్రమే చూడటం పరిపాటి. కాని ఆ ఆదరణకు ఎంతో ముందే ఈ చదువుకు పునాదులు పడ్డాయి. సొంత గడ్డపైనే బడికి దూరమైన ఒక భాష, పరాయి దేశస్థులకు ఉన్నత విద్యాద్వారంగా మారిన క్రమం ఈ చరిత్రలో కనిపిస్తుంది.

19వ శతాబ్ది చివరలో కొరియా భాషను శ్రద్ధగా నేర్చిన పాశ్చాత్యుల్లో క్రైస్తవ మిషనరీలు ముఖ్యులు. 1885లో కొరియా చేరిన హోరేస్ అండర్‌వుడ్ 1890లో వ్యావహారిక కొరియా భాషకు వ్యాకరణాన్ని ప్రకటించాడు. జేమ్స్ గేల్ నిఘంటువు 1897లో వెలువడింది. హోమర్ హల్బర్ట్ 1905లో కొరియా భాషను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక గ్రంథమే రచించాడు. ఆయన ప్రతిపాదించిన జన్యుసంబంధాన్ని భాషాశాస్త్రం అంగీకరించలేదు. అయితే క్రియాంత వాక్యం, ప్రత్యయాల చేరిక వంటి నిర్మాణ సామ్యాలు నిజమైనవే.

1910లో కొరియా జపాన్ వశమైంది. 1938 విద్యాశాసనంతో కొరియా భాష ఐచ్ఛికాంశంగా దిగజారి, క్రమంగా బడుల నుంచి కనుమరుగైంది. 1942లో నిఘంటు నిర్మాణంలో ఉన్న కొరియా భాషా సంఘం పండితులను అరెస్టు చేశారు. వారిలో ఇద్దరు చెరలోనే మరణించారు. స్వాధీనమైన రాతప్రతులు 1945 సెప్టెంబరులో సియోల్ రైల్వే స్టేషన్ గిడ్డంగిలో లభించాయి. ఆ నిఘంటువు తొలి సంపుటం 1947లోను, ఆరవదైన చివరి సంపుటం 1957లోను వెలువడ్డాయి.

ఆ తరువాత రెండేళ్లకే, 1959లో, యోన్సే విశ్వవిద్యాలయంలో విదేశీయుల కోసం కొరియా భాషా విద్యాసంస్థ ఏర్పడింది. ప్రభుత్వ ఉపకారవేతనాలు 1967లోను, ప్రామాణిక భాషాపరీక్ష 'టోపిక్' 1997లోను మొదలయ్యాయి. ప్రస్తుత పథకంలో ఉపకారవేతనం పొందినవారు సాధారణంగా ముందుగా ఏడాదిపాటు భాష నేర్చి, ఆరు స్థాయిల టోపిక్‌లో మూడవ స్థాయి సాధించాకే పట్టా చదువులో అడుగుపెడతారు. యోన్సే వంటి చోట్ల ఒక స్థాయికి పది వారాలు, 200 గంటల బోధన ఉంటుంది. ఏడాదికి నాలుగు స్థాయిలు, అంటే 800 గంటలు.

ఈ గంటల్లో అలవడేది పదజాలం మాత్రమే కాదు, సామాజిక సంబంధాలను గుర్తించే పద్ధతి కూడా. కొరియా క్రియలో 'సి' ప్రత్యయం కర్తపై గౌరవాన్ని, 'యో', 'సుమ్నిదా' వంటి అంత్యాలు శ్రోతపై మర్యాదను తెలుపుతాయి. తెలుగులో "నాన్నగారు వచ్చారండి" అన్న వాక్యంలోనూ ఈ విభజన ఉంది: 'గారు', 'రు' కర్తకు, 'అండి' శ్రోతకు. అయితే తెలుగులో 'అండి'ని వదిలివేయవచ్చు. కొరియాలో వాక్యం ముగించాలంటే శ్రోత స్థాయిని ఏదో ఒక అంత్యంతో తేల్చి చెప్పవలసిందే. కనుక ఎదుటివారి వయసు, హోదా తెలియకుండా విద్యార్థి వాక్యాన్ని సరిగా పూర్తి చేయలేడు. అక్కడ సంస్కృతి భాషకు అనుబంధ పాఠం కాదు, వ్యాకరణంలోనే అంతర్భాగం.

ఆంగ్లమాధ్యమ బోధన నేడు కొరియా విశ్వవిద్యాలయాల్లోనూ విస్తరించింది. అయినా భాషాసంవత్సరం నిలిచి ఉండటానికి కారణం దాని వెనుక ఉన్న వ్యవస్థే: నిఘంటువు, స్థాయిలవారీ పాఠ్యప్రణాళిక, ప్రామాణిక పరీక్ష, వీటన్నిటినీ పట్టా ప్రవేశంతో ముడిపెట్టిన విధానం. హైదరాబాదు విశ్వవిద్యాలయాలకు వచ్చే విదేశీ విద్యార్థి తెలుగు అక్షరం రాకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లగలడు. భాష గొప్పదనాన్ని చాటడం వేరు, ఆ భాష నేర్వకుండా ముందుకు సాగలేని చదువును నిర్మించడం వేరు. కొరియా అనుభవం తెలుగు పరిశోధకుల ముందుంచేది ఈ రెండవ కర్తవ్యాన్నే.