పట్టీఱంపపు చరిత్రయు, ఇంటి పనిశాలలో దాని సంరక్షణమును

వడ్రంగమునకు ఱంపము కుడిచేయి వంటిది. బాడిసయు, ఉలియు, చిత్రికయు కొయ్యకు రూపము నొసంగునే కాని, దుంగను పలకలుగా విభజించునది ఱంపమే. మన పెద్దలు దుంగను ఎత్తుగా నిలిపి, ఒకరు పైనను ఒకరు క్రిందను నిలువబడి, పెద్దఱంపమును లాగుచు దినమంతయు కోయుచుండెడివారు. క్రిందివాని కన్నులలో పొట్టు పడుచుండెను. పైవాని నడుము విఱుగుచుండెను. ఆ శ్రమను తగ్గించిన యంత్రములలో పట్టీఱంపము ముఖ్యమైనది. దీనినే మనవారు బ్యాండ్‌సా యందురు. ఒకప్పుడు సామిల్లులకే పరిమితమైయుండిన యీ యంత్రము నేడు చిన్నరూపమున ఇంటి పనిశాలలకును వచ్చినది. కొనువారు పెక్కురు; కాపాడుకొనువారు కొందఱు. కావున దీని చరిత్రమును, సంరక్షణవిధమును ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాను.

దీని యేర్పాటు మిక్కిలి సులభము. పైన నొకటి, క్రింద నొకటి చక్రములుండును. వాని చుట్టును కక్కులు గల సన్నని ఉక్కుపట్టీ తిరుగుచుండును. చేతిఱంపము ముందునకు పోయి వెనుకకు వచ్చుటలో సగము కదలిక వ్యర్థమగును. పట్టీఱంపము ఎడతెగక ఒకే దిశను కోయును. గుండ్రని ఱంపపు బిళ్ల కంటె పట్టీ పలుచన గనుక కొయ్య పొట్టుగా పోవుట తక్కువ. విలువైన టేకు పలుకలను కోయునపుడు ఈ లాభము చిన్నది కాదు. కోతబలము క్రిందికి, బల్లవైపునకు పనిచేయును గనుక కొయ్య యెగిరి పనివానిమీదికి వచ్చు భయమును తక్కువ.

ఇంత సులభమైన యంత్రము లోకమున నెలకొనుటకు సుమారు నలువది యేండ్లు పట్టినది. 1808-09 ప్రాంతమున లండనులో విలియం న్యూబెరీ యనునాతడు దీనికి పేటెంటు పొందెను. 1836లో అమెరికాలో బెంజమిన్ బార్కర్ మఱియొక పేటెంటు పొందెను. ఆలోచన సరియైనదే, కాని పట్టీ నిలువలేదు. చక్రము నెక్కునపుడెల్ల పట్టీ వంగును, దిగునపుడెల్ల చక్కనగును. పదునాలుగంగుళముల చక్రములు గల నేటి చిన్న యంత్రములో పట్టీ నిమిషమునకు సుమారు 3000 అడుగుల వేగముతో పరుగెత్తును. అనగా నిమిషమునకు 380 చుట్లకు పైగా తిరుగును. ప్రతి చుట్టులోను రెండుమార్లు వంగును. అంతటి తాకిడికి రెండు కొనలను కలిపిన అతుకు ఊడిపోవుచుండెను.

ఈ చిక్కును విడదీసినది ఒక స్త్రీ. ఫ్రాన్సుదేశీయురాలగు ఆన్ పాలిన్ క్రెపిన్ 1846లో పట్టీకొనలను అతుకు పద్ధతికై పేటెంటు కోరెను. ఆ హక్కును పారిస్ నగరపు పెరిన్ సంస్థవారు కొని, మేలైన ఉక్కును, పదును పెట్టు క్రొత్త పద్ధతులను దానితో జోడించి, నిలిచి పనిచేయు పట్టీలను చేసిరి. మన యిండ్లలో ఆడపిల్లలను పనిముట్లు ముట్టనీయనివారు ఈ సంగతిని గమనింతురు గాక.

తరువాత 1930-40 నడుమ అమెరికాలోని మిల్వాకీ నగరపు డెల్టా సంస్థవారి పదునాలుగంగుళముల యంత్రము ఇంటి పనిశాలలలో ప్రసిద్ధి కెక్కెను. ఆ నమూనా ననుసరించి పలుదేశములవారు చేసిరి. ఇట్టి యంత్రము మామూలుగా ఆఱంగుళముల ఎత్తు కొయ్యను కోయును. స్తంభము నడుమ ఆఱంగుళముల దిమ్మ నొకటి చేర్చినచో పండ్రెండంగుళముల ఎత్తు వఱకు కోయవచ్చును. అప్పుడు 93½ అంగుళముల పట్టీకి మాఱుగా 105 అంగుళముల పట్టీ కావలెను. అయితే ఎత్తు పెరిగినంత మాత్రమున బలము పెరుగదు. అరగుఱ్ఱపు మోటారు పండ్రెండంగుళముల టేకును కోయలేక మూలుగును. మోటారును తగినంత పెంచవలెను. అరిగిన రబ్బరు చుట్లకు బదులు యూరిథేన్ చుట్లను, సడలిన బిగింపుస్ప్రింగుకు బదులు క్రొత్తదానిని వేయుట తక్కువ వ్యయముతో నగు మేలు.

కాని దిమ్మలు, మోటారులు కొనుటకు ముందు ఉన్నదానిని సరిచేయవలెను. దానికొక క్రమము గలదు. మొదట విద్యుత్తును ఊడదీసి, చక్రములకంటిన పొట్టును, జిగురును తుడువవలెను. పట్టీని కక్కులు బల్లవైపునకు, అనగా క్రిందికి, చూచునట్లు ఎక్కించి బిగింపవలెను. పిదప పైచక్రమును చేతితో త్రిప్పుచు, దాని వంపును సవరించి, పట్టీ చక్రము నడుమ నిలుచునట్లు చేయవలెను. ప్రక్కనుండు ఆనింపులను పట్టీకి కాగితపు మందము దూరమున, కక్కులకు తగులకుండ వెనుకగా నిలుపవలెను. వెనుక ఆనింపు కోయునపుడు మాత్రమే పట్టీకి తాకవలెను. ఈ క్రమము తప్పినవారు కోత వంకరపోయినదని యంత్రమును నిందింతురు. పని ముగిసినపుడు బిగింపును సడలించినచో పట్టీయు, చక్రపు చుట్లును, స్ప్రింగును ఎక్కువకాలము మన్నును.

పట్టీని పనికి తగినట్లు ఎన్నుకొనవలెను. పలకలు కోయుటకు వెడల్పైనదియు, అంగుళమునకు మూడు కక్కులు గలదియు మేలు. పావంగుళపు పట్టీ సుమారు పది వీసములు, అనగా 5/8 అంగుళముల వ్యాసార్ధము గల వంపును కోయగలదు. అరయంగుళపు పట్టీకి 2½ అంగుళములు కావలెను. మొండిపట్టీని బలముగా త్రోయువాడు తన వ్రేళ్లను దానికి చేరువ చేయుచున్నాడు. పై ఆనింపును కొయ్యకు పావంగుళము పైన నిలిపి, ఉత్తరీయమును విడిచి, చేతితొడుగులు లేక పనిచేయవలెను.

సోదరులారా! సిద్ధముగా దొరకు కుర్చీలు, బల్లలు అంగళ్లను నింపుచున్న యీ దినములలో మన యువకులు పనిని విడుచుచున్నారు. యంత్రము లేక విడుచువారు కొందఱు, ఉన్న యంత్రము చెడి విసిగి విడుచువారు కొందఱు. ఊరికొక పట్టీఱంపమును కలిసి కొని, దానిని కాపాడు భారమును ఒకరికి అప్పగించి, పట్టీ మార్చుట, అతుకు వేయుట, ఆనింపులు సరిచేయుట పిల్లలకు నేర్పినచో వృత్తి నిలుచును. దాతలు దీనిని గూర్చి యోచింతురు గాక!