నేలలోని బాక్టీరియాపై సేంద్రియ, రసాయనిక సేద్యాల ప్రభావం

సారవంతమైన నేలలో ఒక్క గ్రాము మట్టిలోనే కోట్లాది బాక్టీరియా నివసిస్తాయి. ఆకులు, మోళ్లు, పెంట కుళ్లి పైరుకు ఆహారంగా మారడం వీటి శ్రమ ఫలితమే. కంది, వేరుశనగ వేళ్ల బుడిపెలలో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటివి అమ్మోనియాను దశలవారీగా నైట్రేటుగా మారుస్తాయి.

రసాయనిక ఎరువుల ప్రభావం

యూరియా వేసినంత మాత్రాన బాక్టీరియా నశించవు. అయితే నత్రజని ఎరువులనే ఏళ్ల తరబడి అధికంగా వాడితే అమ్మోనియా నైట్రేటుగా మారే క్రమంలో నేలలో ఆమ్లగుణం పెరుగుతుంది. అప్పుడు అనేక రకాల బాక్టీరియా క్షీణిస్తాయి. సున్నం కలిగిన నల్లరేగడి ఈ మార్పును చాలావరకు తట్టుకోగలదు. ఎర్రనేలలకు ఆ శక్తి తక్కువ. నేలలో నత్రజని ఎక్కువైనచోట పప్పుజాతి పైర్ల వేళ్లపై బుడిపెలు కూడా తగ్గిపోతాయి.

దీర్ఘకాల పరిశోధన

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగర సమీపాన థెర్విల్ గ్రామంలో 1978 నుండి రెండు విధానాలనూ పక్కపక్క మడులలో పోల్చి చూస్తున్నారు. 21 ఏళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. సేంద్రియ మడులలో దిగుబడి సగటున 20 శాతం తగ్గింది. కాని ఎరువులు, ఇంధనశక్తి వాడకం 34 నుండి 53 శాతం వరకు, పురుగుమందుల వాడకం 97 శాతం తగ్గాయి. నేలలో జీవం వృద్ధి చెందింది. 2015లో ప్రకటించిన విశ్లేషణ మరొక విషయాన్ని తేల్చింది. సూక్ష్మజీవుల తీరును ప్రధానంగా నిర్ణయించేది సేంద్రియ ఎరువు వేయడం, దాని నాణ్యత. పురుగుమందులు మానడం వలన కలిగే తేడా అంతకంటె స్వల్పం.

వివిధ దేశాల 56 పరిశోధన పత్రాలను సమీక్షించిన 2017 నాటి అధ్యయనం ప్రకారం, సేంద్రియ సేద్యపు నేలలలో సూక్ష్మజీవుల రాశి, వాటి చురుకుదనం 32 నుండి 84 శాతం వరకు అధికం.

సరిహద్దు గ్రామాల రైతులకు

ట్రాక్టరు వచ్చి పశువులు తరలిపోయిన ఇంట పెంటకుప్ప కూడా కరగిపోతుంది. యూరియా పూర్తిగా మానలేని రైతు సైతం ఈ నష్టాన్ని కొంత పూడ్చుకోవచ్చు. బాగా మాగిన పశువుల ఎరువు వేయడం, జీలుగ, జనుము పెంచి పూతకు ముందే కలియదున్నడం, కొయ్యకాళ్లు తగులబెట్టకపోవడం, పైరు మార్పిడిలో పప్పుజాతికి చోటివ్వడం ముఖ్యం. రైజోబియం పట్టించిన విత్తనాన్ని నీడలోనే ఆరబెట్టాలి. తెగుళ్ల మందు కూడా అవసరమైతే దానిని ముందుగా పట్టించి, ఆరిన తరువాతనే రైజోబియం కలపాలి.

వేడి ప్రదేశాలలో సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది. కనుక ఒక ఏడు వేసి ఊరుకుంటే చాలదు. ఏటేటా నేలకు మేత అందుతుంటేనే అందులోని జీవం నిలుస్తుంది.