నల్లమల దాచిన కర్బనం

వాతావరణంలో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించే పనిని పశ్చిమ ప్రకాశంలో మొదటి నుంచీ చేస్తున్నది నల్లమల అడవి. నల్లమద్ది, ఏపి, వెదురు ఆ వాయువును పీల్చి, అందులోని కర్బనాన్ని మానులో, వేళ్లలో, నేలలో నిలవ చేస్తాయి. ఎండు కలప బరువులో దాదాపు సగం కర్బనమే. టన్ను కలప కాలితే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలో కలుస్తుంది.

ఈ నిలవకు గట్టి గండి 19వ శతాబ్దంలో పడింది. 1876–78 కరువు తర్వాత వేసిన రైలుమార్గం బొగడ సొరంగం గుండా నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా బెజవాడకు సాగింది. దారి పడ్డాక కలపను దూరపు ఊళ్లకు తరలించడం సులువైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడి నరుకుడుకు కొంత అడ్డుకట్ట పడింది. అయితే పోడుకూ పశువుల మేతకూ ఆంక్షలు వచ్చాయి. తరతరాలుగా అడవినే నమ్ముకున్న చెంచులపై ఆ భారం పడింది. అది అన్యాయమే. 20వ శతాబ్దంలో వెదురు కాగితం మిల్లులకు తరలింది; కాగితంలో చేరిన కర్బనం ఎక్కువ కాలం నిలవదు.

1978లో నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది.

రాష్ట్రంలో 1992 నుంచి ఏర్పడిన వన సంరక్షణ సమితులు అడవి అంచుల్లో మరో పద్ధతి చేపట్టాయి. నరికిన మోడు నుంచి గుబురుగా లేచే పిలకల్లో బలమైన ఒకటి రెంటిని ఉంచి, మిగిలినవి కోసేస్తారు. పాత వేరు లోతు నుంచి నీరు తీసుకుంటుంది కనుక ఆ పిలక కొత్త మొక్క కంటే త్వరగా మానవుతుంది. వాలుల్లో తవ్విన కందకాలు వాననీటిని నిలిపి నేలను తడిగా ఉంచుతాయి. కొత్తగా నాటడం కన్నా ఉన్న వేరును కాపాడడమే ఇక్కడ మేలైన మార్గం.

పెద్ద శత్రువు నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా రాలిన ఆకు, ఎండిన గడ్డి ఇట్టే అంటుకుంటాయి. అందుకే వేసవికి ముందే ఆకూ గడ్డీ తీసేసి ఫైర్ లైన్లు వేస్తారు. అడవిని అడుగడుగునా ఎరిగిన చెంచులను అటవీశాఖ కాపలాకు నియమించుకుంటోంది.

2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిలవ సాధిస్తామని భారతదేశం 2015లో ప్రకటించింది. ఆ లెక్కలో నల్లమల వంటి పాత అడవుల రక్షణకే మొదటి స్థానం దక్కాలి.