పాత కార్లలో ఇంధన పొదుపు

ఇంధన పొదుపు అనగా నిర్ణీత పరిమాణం గల ఇంధనంతో వాహనం వీలైనంత ఎక్కువ దూరం ప్రయాణించగలగడం. భారతదేశంలో దీనిని లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని లెక్కిస్తారు. వాడుకలో దీనిని మైలేజీ అంటారు. కార్లు పాతబడే కొద్దీ ఇంజను భాగాల అరుగుదల, సర్దుబాట్లు తప్పడం, నిర్వహణ లోపం మొదలైన కారణాల వలన మైలేజీ క్రమంగా తగ్గుతుంది. ప్రతిదినం కార్యాలయానికి వెళ్ళి రావడానికి ఉపయోగించే పాత కార్లలో ఈ తగ్గుదలను చాలావరకు సరిదిద్దవచ్చును. ఈ వ్యాసంలో ముఖ్యంగా భారతదేశంలోని పాత పెట్రోలు కార్ల గురించి వివరించబడినది.

నేపథ్యం

భారతదేశంలో మధ్యతరగతి కుటుంబాలకు కారును చేరువ చేసిన వాహనం మారుతి 800. దీని మొదటి కారును 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధానమంత్రి ఇందిరా గాంధీ కొనుగోలుదారునికి అందజేసింది. ఇందులోని ఇంజను మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం కలది. మొదట కార్బురేటరుతో వచ్చిన ఈ కారులో, 2000 ప్రాంతంలో ఉద్గార ప్రమాణాలు కఠినమైన తరువాత ఎం.పి.ఎఫ్.ఐ. అనబడే ఇంధన ఇంజెక్షన్ పద్ధతిని ప్రవేశపెట్టారు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలైన హైదరాబాదు తదితర 13 నగరాలలో దీని అమ్మకం నిలిచిపోయింది. 2014 జనవరిలో ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. అంబాసిడర్ కారు ఉత్పత్తి కూడా అదే సంవత్సరం మే నెలలో ఆగిపోయింది.

ఉత్పత్తి ఆగిపోయినంత మాత్రాన వాడకం ఆగదు. సొంత కార్ల రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వాహనం తనిఖీలో నెగ్గితే ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. అందువలన పాత కార్ల మైలేజీ నేటికీ అనేక కుటుంబాల నెలవారీ ఖర్చుకు సంబంధించిన విషయంగా ఉన్నది.

ఇంధనం ఖర్చయ్యే తీరు

పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి ఉపయోగపడుతుంది. మిగిలినది వేడి రూపంలో సైలెన్సరు ద్వారా, రేడియేటరు ద్వారా బయటకు పోతుంది. ఉపయోగపడిన శక్తి ఈ క్రింది అవసరాలకు ఖర్చవుతుంది.

* వేగం పెంచడం: ఆగి ఉన్న కారును కదిలించి వేగం అందుకోవడానికి ఖర్చయిన శక్తి, బ్రేకు వేయగానే వేడిగా మారి వృథా అవుతుంది. నగరంలో మైలేజీ తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.
* గాలి నిరోధం: ఇది వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది.
* టైర్ల దొర్లుడు నిరోధం: ఇది కారు బరువు, టైర్లలోని గాలి పీడనంపై ఆధారపడి ఉంటుంది.
* అనుబంధ పరికరాలు: ఏ.సి. కంప్రెసరు, ఆల్టర్నేటరు వంటివి ఇంజను శక్తితోనే పనిచేస్తాయి. 800 సి.సి. వంటి చిన్న ఇంజనుపై ఏ.సి. భారం పెద్ద ఇంజనుపై కంటే ఎక్కువగా తెలుస్తుంది.

మైలేజీ కొలిచే పద్ధతి

లోపం ఉన్నదో లేదో తెలియాలంటే ముందుగా మైలేజీని సరిగా కొలవాలి. ఇంధన ముల్లును చూసి వేసే అంచనా నమ్మదగినది కాదు. బంకులో పంపు దానంతట అదే ఆగేవరకు ట్యాంకు నింపించి, ఓడోమీటరు అంకెను వ్రాసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మళ్ళీ అదే విధంగా నింపించాలి. ఉదాహరణకు, మొదటిసారి ఓడోమీటరులో 48,210, రెండవసారి 48,615 ఉండి, రెండవసారి 27 లీటర్లు పట్టినట్లయితే, 405 కిలోమీటర్లను 27తో భాగించగా లీటరుకు 15 కిలోమీటర్లు వస్తుంది. రెండు మూడు పర్యాయాల సగటు తీసుకుంటే ఫలితం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. కంపెనీ సూచించిన కొలత కాక వేరే కొలత టైర్లు అమర్చిన కార్లలో ఓడోమీటరు తప్పు చూపుతుంది కనుక ఈ లెక్క కూడా తప్పుతుంది.

కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో రోలర్లపై నిర్ణీత పద్ధతిలో నడిపి కొలిచినది. నిజమైన రోడ్లపై అంతకంటే తక్కువ రావడం సహజం. కాబట్టి ప్రకటించిన అంకెతో పోల్చడం కంటే అదే కారు గతంలో అదే దారిలో ఇచ్చిన మైలేజీతో పోల్చడం మేలు.

మైలేజీ తగ్గడానికి కారణాలు

గాలి-ఇంధన మిశ్రమం

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. పెట్రోలు పాలు అంతకంటే ఎక్కువైతే కొంత భాగం సరిగా మండకుండానే బయటకు పోతుంది. కార్బురేటరు కార్లలో జెట్లు అరిగిపోవడం, ఫ్లోటు సరిగా మూయకపోవడం, చేతితో లాగే చోక్ పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడం దీనికి ముఖ్య కారణాలు. ఇంజెక్షన్ కార్లలో ఈ పనిని ఆక్సిజన్ సెన్సారు ఇచ్చే సమాచారం ఆధారంగా కంప్యూటరు చేస్తుంది. సెన్సారు పాడైన కార్లలో ఇంధన వినియోగం బాగా పెరగవచ్చును. డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలుగుతూ ఉంటే దానిని నిర్లక్ష్యం చేయరాదు.

ఈ లోపాన్ని గుర్తించడానికి కాలుష్య తనిఖీ పత్రం ఉపయోగపడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ శాతం గత తనిఖీ కంటే పెరిగినట్లయితే మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువైనదని భావించవచ్చును. స్పార్కు ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సక్రమంగా జరుగుతున్నదని, పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనదని అర్థం.

ఎయిర్ ఫిల్టరు

ఫిల్టరు దుమ్ముతో నిండితే కార్బురేటరు కార్లలో మిశ్రమం చెడి మైలేజీ తగ్గుతుంది. ఇంజెక్షన్ కార్లలో కంప్యూటరు ఇంధనాన్ని తగ్గించి సర్దుబాటు చేస్తుంది కనుక మైలేజీపై ప్రభావం స్వల్పమని, వేగం అందుకునే శక్తి మాత్రం తగ్గుతుందని 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షలలో తేలింది.

థర్మోస్టాట్

ఇంజను త్వరగా వేడెక్కి, సరైన ఉష్ణోగ్రత వద్ద నిలిచేలా చేసేది థర్మోస్టాట్. ఎండలు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఇంజను వేడెక్కిపోతున్నదని కొందరు మెకానిక్కులు దీనిని తీసివేస్తుంటారు. దీనివలన ఇంజను చాలాసేపు చల్లగానే నడిచి, ఎక్కువ పెట్రోలు త్రాగుతుంది, త్వరగా అరుగుతుంది కూడా. రోజూ అయిదారు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లలో ఈ నష్టం ఎక్కువ. వేడెక్కడానికి అసలు కారణం సాధారణంగా పూడుకుపోయిన రేడియేటరు లేదా పనిచేయని ఫ్యాను. సరిచేయవలసినది వాటినే.

బ్రేకులు, టైర్లు

బ్రేకులు పూర్తిగా వదలకుండా పట్టి ఉంచడం పాత కార్లలో తరచుగా కనిపించే లోపం. బ్రేకు ఎక్కువగా వాడకుండా కొంతదూరం నడిపిన తరువాత ఒక చక్రం మిగిలినవాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టి ఉన్నదని తెలుస్తుంది. ఇది పెట్రోలును వృథా చేయడమే కాక ప్రమాదకరం కూడా.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం టైర్లలో పీడనం ఒక్కొక్క పి.ఎస్.ఐ. తగ్గినందుకు మైలేజీ సగటున 0.2 శాతం తగ్గుతుంది. గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే తనిఖీ చేయాలి. మైలేజీ కోసం కంపెనీ సూచించిన దానికంటే ఎక్కువ గాలి కొట్టించడం మంచిది కాదు. టైరు మధ్యభాగం త్వరగా అరిగి, తడి రోడ్డుపై పట్టు తగ్గుతుంది.

నడిపే తీరు

కారు స్థితి ఎంత ముఖ్యమో నడిపే తీరు కూడా అంతే ముఖ్యం. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగం పొదుపైనదని సూచించింది.

* ముందున్న సిగ్నలును, వాహనాలను దూరం నుండే గమనించి యాక్సిలరేటరు వదిలివేస్తే బ్రేకు అవసరం తగ్గుతుంది.
* ఇంజను ఇబ్బంది పడనంత వరకు పై గేరులో నడపాలి. తక్కువ వేగంలో పై గేరు వేసి ఇంజను కుదుపుతో లాగేలా చేయడం తగదు.
* ఎక్కుడు రోడ్డుపై కారును క్లచ్ సగం నొక్కి నిలపడం వలన పెట్రోలుతో పాటు క్లచ్ ప్లేటు కూడా నష్టపోతుంది.
* ఎక్కువసేపు ఆగవలసిన సిగ్నళ్ళ వద్ద, రైల్వే గేట్ల వద్ద ఇంజను ఆపివేయాలి. బ్యాటరీ బలహీనంగా ఉన్న కార్లలో ముందుగా దానిని బాగుచేయించాలి.
* అవసరం లేని సామాను డిక్కీలో మోయరాదు. ఉపయోగించనప్పుడు పైకప్పు క్యారియరును తీసివేయాలి.

ఇథనాల్ కలిపిన పెట్రోలు

భారతదేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తి కంటే సుమారు మూడవ వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వలన మైలేజీ 6 నుండి 7 శాతం వరకు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక పేర్కొన్నది.

పాత కార్లలో మైలేజీతో పాటు మరికొన్ని విషయాలు గమనించవలసి ఉన్నది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, గ్యాస్కెట్లను దెబ్బతీయగలదు. ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి పెట్రోలు ఫిల్టరును పూడ్చవచ్చును. గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక నెలల తరబడి కదలని కార్లలో ట్యాంకు అడుగున నీరు చేరవచ్చును. పెట్రోలు వాసన వచ్చినా, గొట్టాలు ఉబ్బినా, పగుళ్ళు కనిపించినా వెంటనే మార్పించాలి. వేడి ఇంజను ప్రక్కన కారే పెట్రోలు అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

అపోహలు

* అయస్కాంతాలు, మాత్రలు: పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు వంటి నూరుకు పైగా ఉత్పత్తులను అమెరికా పర్యావరణ సంస్థ పరిశీలించినది. వాటిలో ఏదీ మైలేజీని చెప్పుకోదగినంతగా పెంచలేదు.
* ఉదయం పూట పెట్రోలు: చల్లని వేళ పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందని ఒక నమ్మకం ఉన్నది. బంకులలో పెట్రోలు భూగర్భ ట్యాంకులలో ఉంటుంది కనుక ఉదయానికి, మధ్యాహ్నానికి దాని ఉష్ణోగ్రతలో తేడా చాలా స్వల్పం.
* అధిక ఆక్టేన్ పెట్రోలు: ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తిని తెలిపేది కాదు, నాకింగ్‌ను తట్టుకొనే గుణాన్ని తెలిపేది. నాకింగ్ లేని సాధారణ ఇంజనులో దీనివలన మైలేజీ పెరగదు.
* న్యూట్రల్‌లో దిగడం: తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లలో గేరు తీసి దిగితే పెట్రోలు మిగులుతుందని కొందరు భావిస్తారు. ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలును నిలిపివేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి పెట్రోలు కావాలి. పైగా ఏ కారులోనైనా న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకులపై పడి, అవి వేడెక్కి పనిచేయకుండా పోయే ప్రమాదం కలదు.

ఖర్చు, ప్రయోజనం

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు మైలేజీ 12 నుండి 15కు పెరిగితే, నెల వినియోగం సుమారు 83 లీటర్ల నుండి 67 లీటర్లకు తగ్గుతుంది. సంవత్సరానికి ఇది 200 లీటర్ల ఆదా. లీటరు 100 రూపాయలుగా లెక్కిస్తే 20,000 రూపాయలు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, సంవత్సరానికి 460 కిలోల ఉద్గారం కూడా తగ్గుతుంది.

మైలేజీ తక్కువగా ఉన్న కారులోనే మెరుగుదలకు విలువ ఎక్కువ. అదే 1,000 కిలోమీటర్లకు మైలేజీ 18 నుండి 21కి పెరిగినప్పుడు ఆదా అయ్యేది నెలకు 8 లీటర్లు మాత్రమే. గాలి తనిఖీ, ప్లగ్గులు, ఫిల్టర్లు, బ్రేకుల సర్దుబాటు వంటి తక్కువ ఖర్చు పనులను ముందుగా చేయించి, మళ్ళీ మైలేజీ కొలిచి చూసిన తరువాతనే కార్బురేటరు మార్పిడి వంటి పెద్ద పనులకు పూనుకోవడం మంచిది. సిలిండర్లు అరిగి కంప్రెషన్ పడిపోయిన ఇంజనులో ఈ చిన్న సర్దుబాట్ల వలన పెద్దగా ఫలితం ఉండదు. అటువంటప్పుడు ఇంజను పనికి అయ్యే ఖర్చును, మిగిలే పెట్రోలు విలువను పోల్చి చూసి కారును ఉంచుకోవాలా, మార్చుకోవాలా అనేది నిర్ణయించుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* మారుతి 800
* కార్బురేటరు
* పెట్రోలు
* ఇథనాల్
* అంతర్దహన యంత్రం